తల ఊపితే ఒక యూనిట్టు

ముప్ఫై మూడేళ్లు కరెంటు మీటర్లు చదివినవాణ్ణి నేను. పేరు పేరలింగం. మా ఊళ్లో ఎవరింటి గోడకు మీటరు ఎంత ఎత్తులో ఉందో, ఎవరింటి కుక్క ఏ వేళకు కునుకు తీస్తుందో నాకు తెలుసు. అంకె తప్పు చదివానని ఇంతవరకు ఒక్కరూ వేలెత్తి చూపలేదు. మీటర్లను మోసం చేసిన నూట పద్నాలుగు మందిని పట్టిచ్చాను. అందులో మా మేనమామ కూడా ఉన్నాడు, ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. మా అమ్మాయి చదువు విషయంలో నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కావాలంటే నేనెంత తెలివైనవాణ్ణో ముందు తెలియాలి.

మా అమ్మాయి పేరు మంజీర. దాన్ని ఇంజినీరింగు చదివించాలని నేనూ మా ఆవిడ సత్యవేణీ పదకొండేళ్లు చీటీ కట్టాం. మధ్యలో పాట పాడకుండా చివరిదాకా బిగబట్టుకుని కూర్చుంటే రెండు లక్షల నలభై వేలు చేతికొచ్చింది. అంతకుమించి మా దగ్గర చిల్లిగవ్వ లేదు. అప్పు మాట ఎత్తితే సత్యవేణి ఊరుకోదు.

"ఈ డబ్బులోనే నాలుగేళ్లూ గట్టెక్కాలండి. చాలకపోతే పిల్ల సగంలో ఇంటికొచ్చేస్తది, అంతే" అని మొదటిరోజే తేల్చేసింది.

సరిగ్గా ఆ నెలలోనే మా ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీ సిద్ధిదాయక ఇంజినీరింగు కాలేజీ ఛైర్మన్ విశ్వంభరరావు గారు తమ ఇంటి కరెంటు బిల్లు చూసుకున్నారు. ఆయనింట్లో నాలుగు ఏసీలు. బిల్లు చూసి ముందు మండిపడ్డారు, తర్వాత మైమరచిపోయారు. వాడినకొద్దీ రేటు పెరగడం, వాడకపోయినా ఎంతో కొంత కట్టాల్సి రావడం, ఎందుకు కడుతున్నారో తెలియకుండానే జనం వరసలో నిలబడి కట్టేయడం! ఇంత చక్కని ఏర్పాటు లోకంలో ఉండగా కాలేజీ ఫీజును మాత్రం గంపగుత్తగా వసూలు చేయడమేమిటని ఆయనకు తోచింది. మర్నాడే కరెంటు శాఖవారి నిబంధనల పుస్తకం తెప్పించి, 'కరెంటు' అని ఉన్నచోటల్లా కొట్టేసి 'జ్ఞానము' అని టైపు చేయించారు. మిగతా పుస్తకం ఎవరూ చదవలేదు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి. మేం గుర్తుంచుకోలేదు.

తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. కాలేజీ పరిపాలనాధికారి సోమసుందరం గారు కాగితం పట్టుకుని లేచారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకమీదట మన కళాశాలయందు వార్షిక రుసుము అనునది ఉండదు. విద్యార్థి ఎంత జ్ఞానము స్వీకరించునో అంతకే చెల్లింపు. స్వీకరించనిచో చెల్లించనక్కరలేదు."

హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న రొయ్యల చెరువుల ఆసామి నిలబడి మరీ కొట్టాడు. "మావోడు ఏదీ స్వీకరించడండి, గ్యారంటీ! పైసా పడదు" అని నాతో కరచాలనం చేశాడు.

నేను చెయ్యెత్తాను. "స్వీకరించినట్టు ఎలా తెలుస్తదండీ?"

"ఉత్తమమైన ప్రశ్న" అన్నారు సోమసుందరం గారు. "అధ్యాపకుడు పాఠం మధ్యలో 'అర్థమైందా?' అని అడుగుట, విద్యార్థులు తల ఊపుట మన సంప్రదాయం. తల ఊపుట అనగా జ్ఞానము ముట్టినదని రసీదు ఇచ్చుట. ఒక ఊపునకు ఒక యూనిట్టు."

కొలవడానికి అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా. దాన్ని మెడలో వేసి సీలు కొడతారు. దానికి రెండు గడులు. పై గడిలో పుచ్చుకున్న జ్ఞానం, కింది గడిలో ఇచ్చిన జ్ఞానం. మేష్టార్లకూ అవే డబ్బాలు. వాళ్లు చెప్పింది విని ఎన్ని తలలు ఊగితే కింది గడిలో అంత అంకె, ఆ అంకెను బట్టి జీతం. విద్యార్థులకు కింది గడితో పని లేదు, కానీ అందరికీ ఒకే రకం కొంటే చవగ్గా వచ్చాయట. సిబ్బంది తల ఊపితే మాత్రం బిల్లు ఉండదు. మా శాఖలోనూ ఉద్యోగులకు రాయితీ ఉంది కనుక నాకది న్యాయంగానే కనిపించింది.

తర్వాత స్లాబులు చదివారు. నెలకు యాభై యూనిట్లలోపు యూనిట్టు రూపాయి. వందలోపు మూడు. వంద దాటితే తొమ్మిది. రెండొందలు దాటితే మొదటి యూనిట్టునుంచీ ఇరవై ఎనిమిది. అది విని అంత పెద్ద హాల్లో నేనొక్కణ్ణే భయపడ్డాను.

నా భయం ఊరికే పోలేదు. మొదటి నెల మంజీర బిల్లు మూడువందల పన్నెండు యూనిట్లు. రొయ్యల ఆసామి కొడుక్కి సున్నా. వాళ్లు స్వీట్లు పంచారు.

మంజీరకు చిన్నప్పట్నుంచీ ఒక జబ్బుంది. ఏం చెప్పినా దానికి అర్థమైపోతుంది. అర్థమైన వెంటనే తల ఊపుతుంది, కళ్లు పెద్దవి చేసి మరీ ఊపుతుంది. ఇలాగే సాగితే చీటీ డబ్బు మూడో ఏడు దాటదు. కూర్చుని లెక్క తీశాను. పాఠాల్లో ఖర్చయినవి రెండొందలే. మిగతా నూట పన్నెండు ఎటుపోయాయో అంతు చిక్కలేదు. ఎక్కడో లీకేజీ ఉందనుకుని ఆ సాయంత్రం ఇంట్లో కాపు కాశాను.

"ఇంకో గరిటె పప్పు వెయ్యనా?" అంది సత్యవేణి. మంజీర తల ఊపింది. డబ్బా టిక్కుమంది.

"అయ్యో అయ్యో! ఇరవై ఎనిమిది రూపాయలు!" అని కేకేశాను.

"పప్పుకా!" అని సత్యవేణి గరిటె జారవిడిచింది. "పప్పు అర్థమైనందుక్కూడా వాళ్లకి కట్టాలా? ఏం మనుషులండీ వీళ్లు!"

డబ్బా తీసేద్దామంటే సీలు ఉంది. సీలు ముట్టుకోవడం నా వల్ల కాదు, నూట పద్నాలుగు మందిని పట్టిచ్చినవాణ్ణి. కాబట్టి ఆనాటినుంచి మా ఇంట్లో మంజీరను ఏదీ అడగడం మానేశాం. అడక్కుండా వడ్డించేవాళ్లం. ఆర్నెల్లలో నాలుగు కిలోలు పెరిగింది.

నెలాఖరు వస్తే పూటకోసారి డబ్బా చదివేవాణ్ణి. ఒక నెల ఇరవై ఏడో తారీఖుకి పై గడిలో తొంభై నాలుగుంది.

"అమ్మడూ, ఇంకా ఆరే ఉన్నాయి. ఈ నాలుగు రోజులూ ఎవరేం చెప్పినా అర్థం చేసుకోకు" అన్నాను.

"ఎల్లుండి ట్రాన్స్‌ఫార్మరు పాఠం నాన్నా. నాకు చాలా ఇష్టం."

"ఒకటో తారీఖు దాటాక అర్థం చేసుకుందువుగాని. తొందరేముంది?"

"ఆగదు నాన్నా. అదే అర్థమైపోద్ది."

"అయితే లోపలే దాచుకో. మెడ మాత్రం కదపకు."

మర్నాడు మెడికల్ షాపుకెళ్లి మెడనొప్పివాళ్లు పెట్టుకునే పట్టీ కొనుక్కొచ్చాను. నూట ఎనభై రూపాయలు. ఆ నెల తొంభై ఏడు దగ్గర ఆగింది. ఈ ఉపాయం రెండు వారాల్లో కాలేజీ అంతా పాకింది. పన్నెండువందల మంది పిల్లలు మెడకు తెల్లపట్టీలు పెట్టుకుని, పలకకుండా ఉలకకుండా నిటారుగా కూర్చునేవారు. మెడికల్ షాపువాడు మేడ మీద రెండో అంతస్తు లేపాడు.

పాపం మేష్టార్లే గిలగిల్లాడిపోయారు. లెక్కల మేష్టారు ఇందుశేఖర్ గారు క్లాసులో చేతులు జోడించేవారట. "ఒక్కసారి ఊపండమ్మా, పాలవాడికి ఇవ్వాలి" అని. దసరాకు రెండు ఊపితే మూడోది ఉచితం అని కూడా ప్రకటించారు. ఎవరూ కదల్లేదు. చదువు వచ్చిన మేష్టార్లంతా ఒక్కొక్కరే వేరే కాలేజీలకు పోయారు. వాళ్ల స్థానంలో చవగ్గా దొరికినవాళ్లను తెచ్చారు. వాళ్లకు చదువు రాదు గానీ చాలా మర్యాదస్తులు.

రాబడి పడిపోయేసరికి కాలేజీ బిల్లులో కొత్త పద్దులు మొలిచాయి. స్థిర చార్జీ, డబ్బా అద్దె, సర్దుబాటు చార్జీ. నేను బిల్లు పట్టుకుని సోమసుందరం గారి దగ్గరికెళ్లాను.

"ఈ సర్దుబాటు దేనికండీ?"

"అయిదేండ్ల క్రితము కళాశాల అంచనాకు మించి విద్యార్థులకు అర్థమైనది. తత్ఫలితముగా ఏర్పడిన లోటును ఇప్పుడు సర్దుచున్నాము."

"అయిదేళ్ల క్రితం మా అమ్మాయి ఎనిమిదో తరగతండీ! వేరే స్కూలు!"

"అప్పుడు ఆమెకు ఏమియు అర్థం కాలేదా?"

"అయ్యిందండి."

"మరింకేం?" అన్నారు ఆయన. నేను కట్టేసి వచ్చాను.

మొదటి ఏడు అలా గడిచింది. రెండో ఏడు మొదట్లో నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. అదిగో, అదే నా ఘనకార్యం. మా ఊళ్లో మేడ కట్టుకున్న ప్రతివాడూ చేసే పనే అది. ఒకే ఇంటికి పైవాటాకో మీటరు, కిందవాటాకో మీటరు పెట్టించుకుంటారు. వాడకం రెండుగా చీలి రెండూ తక్కువ స్లాబులో ఉండిపోతాయి. ఇంటికి చేయగా లేనిది పిల్లకు ఎందుకు చేయకూడదనుకున్నాను. మంజీరకు రెండో మీటరు కావాలని దరఖాస్తు పెట్టాను.

సోమసుందరం గారు ఇద్దరు గుమస్తాలను వెంటేసుకుని మా ఇంటికి తనిఖీకి వచ్చారు. మంజీరను కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ తిరిగారు.

"రెండు వాటాలకు ప్రత్యేక ప్రవేశద్వారములు ఉన్నవా?"

"రెండు చెవులున్నాయండి" అన్నాను.

టార్చిలైటు వేసి రెండూ చూశారు. "ఉన్నవి" అని రాసుకున్నారు. "ప్రత్యేక వంటగది?"

సత్యవేణి తలుపు చాటునుంచి అందుకుంది. "పొద్దున్న మా వంటగదిలో తింటదండి, మధ్యాహ్నం మీ క్యాంటీన్లో తింటది. రెండూ వేరేగా?"

"నిబంధనల ప్రకారం సరిపోవుచున్నది" అని సంతకం పెట్టేశారు.

అలా మా అమ్మాయికి రెండు డబ్బాలు, రెండు రోల్ నంబర్లు వచ్చాయి. పొద్దుటిపూట 'మంజీర, పైవాటా'. మధ్యాహ్నం 'మంజీర, కిందవాటా'. రెండూ యాభై లోపే. నేను చంకలు గుద్దుకున్నాను. ఆఫీసులో అందరికీ పకోడీలు పెట్టించాను.

"నాన్నా, పొద్దున్న విన్నది మధ్యాహ్నం గుర్తొస్తే ఎలా?" అనడిగింది మంజీర.

"పైవాటా కరెంటు కిందవాటాలో వాడటం నేరమమ్మా. గుర్తు తెచ్చుకోకు."

అది నావైపు అదోలా చూసింది. తల మాత్రం ఊపలేదు.

నాలుగేళ్లు ఇట్టే గడిచాయి. చీటీ డబ్బులో ఇంకా ముప్ఫై ఒక్క వేలు మిగిలింది. విశాఖపట్నంలో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే కంపెనీ ఒకటి మంజీరకు ఉద్యోగం ఇస్తామంది, పై సోమవారం పట్టా తెచ్చి చూపిస్తే చాలన్నారు. ఆ కాలేజీలో మార్కులు కూడేది నాలుగేళ్ల చివర ఒక్కసారే, ఏటా కూడితే ఖర్చని. శుక్రవారం నేనూ మంజీరా పట్టా కోసం వెళ్లాం.

సోమసుందరం గారు దస్త్రం తిప్పి పెదవి విరిచారు. "పైవాటా విద్యార్థిని పొద్దుటి పరీక్షలు మాత్రమే వ్రాసినది. కిందవాటా విద్యార్థిని మధ్యాహ్నపు పరీక్షలు మాత్రమే వ్రాసినది. ఇద్దరికీ సగం పరీక్షలకు గైర్హాజరు. ఇద్దరూ తప్పినారు."

"ఇద్దరెక్కడండీ! ఎదురుగా ఉందిగా, ఒక్కతే!"

"ఒక్కతే అని మీరు ఒప్పుకొనుచున్నారా? అయినచో విలీనం చేయవచ్చును. మూడేండ్ల వాడకము కలిపి, పై స్లాబున తిరగవేసి, అపరాధ రుసుముతో లక్షా తొంభై వేలు. రేపు సాయంత్రములోగా."

ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. స్లాబులు, వాటాలు, మెడపట్టీలు అంటూ తెలివంతా ఉపయోగించి, నా చేతులారా నా కూతుర్ని రెండు సగాలు చేసి పెట్టాను. ఇంటికొచ్చి ఏడ్చాను, దాచడమెందుకు.

"ఏడిస్తే బిల్లు తగ్గుద్దా?" అంది సత్యవేణి. "ఊరందరి మీటర్లూ చదువుతారు. మన పిల్ల మీటరు ఏనాడైనా మొత్తం చదివారా?"

నాకు రోషం వచ్చింది. "నాలుగేళ్లుగా రోజూ చదువుతూనే ఉన్నా!"

"పై గడే చదువుతారు. కింద గడిలో కూడా ఏదో ఉందిగా?"

ఉంది. కానీ పై అంకె రాసుకోవడం నా పని, ముప్ఫై మూడేళ్లూ అదే చేశాను. కింది గడి ఎప్పుడూ చూడలేదు. కళ్లజోడు తుడుచుకుని మంజీర మెడలోని రెండు డబ్బాలూ దగ్గరికి తీసుకున్నాను. కింది గడులు రెండూ కలిపి చూస్తే ఏడువేల నాలుగువందల పన్నెండు.

"ఇదేంటమ్మా? నువ్వు ఎవరికిచ్చావు?"

"కొత్త మేష్టార్లకి పాఠాలు రావుగా నాన్నా. స్టాఫ్ రూముకి పిలిచి అడిగేవారు. చెప్పేదాన్ని. వాళ్లకు బిల్లు లేదుగా, హాయిగా తలలూపేవారు."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మెడ కదపొద్దన్నావు నాన్నా. నోరు కదపొద్దని నువ్వనలేదు."

దాన్ని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది మా శాఖ పుస్తకంలోని ఆఖరి అధ్యాయం. ఇంటి కప్పు మీద సోలారు పలకలు పెట్టుకున్నవాళ్లు మిగులు కరెంటు మా శాఖకే పంపిస్తే, దానికి శాఖే డబ్బు కట్టాలి. మంజీరను చేర్చినప్పుడు మాకిచ్చిన కాలేజీవాళ్ల పుస్తకం తెరిచి చూశాను. వాళ్లు చదవకుండా దించేసిన అధ్యాయం అక్షరం పొల్లుపోకుండా ఉంది. "వినియోగదారుని కప్పుమీద ఉత్పత్తియై సంస్థకు తిరిగి పంపబడిన జ్ఞానమునకు సంస్థ హెచ్చు స్లాబు రేటున చెల్లించవలెను. సదరు కప్పుమీద తగినంత ఎండ పడుచుండవలెను."

శనివారం పొద్దున్నే వెళ్లాం. ఈసారి సత్యవేణి కూడా వచ్చింది. గదిలో ఛైర్మన్ విశ్వంభరరావు గారు కూడా ఉన్నారు, పిల్లలకు ఆదర్శంగా ఉండాలని ఆయనా మెడలో డబ్బా వేసుకున్నారు. నేను పుస్తకం వాళ్ల ముందు పెట్టాను.

"కప్పు అనగా?" అన్నారు సోమసుందరం గారు.

"తలకాయండి."

"ఎండ పడుచున్నట్టు రుజువు?"

"ఏడు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుని వచ్చిందండి నా కూతురు, నాలుగేళ్లు!" అంది సత్యవేణి. "కావాలంటే ఆ మొహం చూడండి, ఎంత నల్లబడిపోయిందో!"

"ఇది మాకు అర్థం కావడం లేదు" అన్నారు సోమసుందరం గారు.

మంజీర ముందుకొచ్చి బల్ల మీద ఒక గీత గీసి చూపించింది. "చూడండి సార్. జ్ఞానం మీ దగ్గర్నుంచి నాకొస్తే పై గడి. నా దగ్గర్నుంచి మీకొస్తే కింది గడి. మేష్టార్లు మీ సిబ్బంది కాబట్టి, వాళ్లకిస్తే కాలేజీకిచ్చినట్టే. అర్థమైందా?"

సోమసుందరం గారు తల ఊపారు. మంజీర డబ్బా టిక్కుమంది. ఏడువేల నాలుగువందల పదమూడు.

"అంటే మేము ఈమెకు బాకీయా?" అన్నారు ఛైర్మన్ గారు.

"అవునండి. ఏడువేల పైచిలుకు యూనిట్లు, ఇరవై ఎనిమిది చొప్పున రెండు లక్షల ఏడువేలు. అందులో మీ లక్షా తొంభై తీసేసి మిగతాది ఇస్తే చాలు" అని మంజీర నిదానంగా చెప్పింది.

"ఓహో" అని ఛైర్మన్ గారు తల ఊపారు. టిక్కు. "అర్థమైనది" అని సోమసుందరం గారూ ఊపారు. టిక్కు. మంజీర ఎంత బాగా చెప్పిందంటే, తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు గుమస్తాలు కూడా ఊపారు. టిక్కు, టిక్కు.

అప్పటికి ఛైర్మన్ గారికి సంగతి తట్టింది. రెండు చేతులతో తన తల గట్టిగా పట్టుకుని కేకేశారు. "సోమసుందరం గారూ! ఇంకేమీ అర్థం చేసుకోకండి!"

సోమసుందరం గారు బిగుసుకుపోయారు. కానీ కాగితాల మీద సంతకాలు పెట్టాలంటే తల కదులుతుంది. మంజీరే జాలిపడి తన మెడపట్టీ తీసి ఆయనకు పెట్టింది. పట్టీ పెట్టుకుని, కళ్లు మాత్రం కిందికి దించి, మాకు రావలసిన మిగులు చెక్కు మీదా, పట్టా మీదా సంతకం చేశారాయన. పట్టాలో పేరు 'మంజీర (పైవాటా, కిందవాటా కలిపి)' అని పడింది. పడితే పడనీ అనుకున్నాం. సీళ్లు కోసి రెండు డబ్బాలూ లాక్కున్నారు. మేం మెట్లు దిగేలోగానే గోడ మీద కొత్త నోటీసు అంటించారు. విద్యార్థులు అధ్యాపకులకు బోధించుట నేటినుండి నిషేధము.

సత్యవేణి పట్టా పట్టుకుని బస్సెక్కింది. నేనూ మంజీరా సైకిలు నడిపించుకుంటూ బయల్దేరాం. దారిలో రోడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమంటోంది. నా ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో దాని కింద ఎన్నివేలసార్లు నడిచానో లెక్కలేదు.

"అమ్మడూ, దాని లోపల అసలేం జరుగుద్ది?" అనడిగాను.

సైకిలు స్టాండు వేసి చెప్పింది. ఇటు చుట్టలెన్నో, అటు చుట్టలెన్నో, రెంటికీ మధ్య తీగ కలవకుండానే కరెంటు ఎలా దాటుతుందో, మట్టిలో పుల్లతో బొమ్మలు గీసి మరీ చెప్పింది. ఇలాంటి పిల్లనా నేను నాలుగేళ్లు మెడ బిగించి కూర్చోబెట్టాననుకున్నాను, సిగ్గేసింది.

"అర్థమైందా నాన్నా?" అంది.

దాని మెడలో డబ్బా లేదు. నా మెడలో ఎప్పుడూ లేదు. అయినా రోడ్డుకు అటూ ఇటూ ఓసారి చూసుకుని, తల ఊపాను.